తాతగారి కెమెరాలో షట్టర్ బాగుందో లేదో ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా?

బీరువా సర్దుతున్నప్పుడో, పాత ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడో తోలు కేసులో కెమెరా ఒకటి చేతికొస్తుంది. మన కర్నూలు, అనంతపురం, కడప వైపు ఇళ్లలో అయితే ఆగ్ఫా క్లిక్ త్రీ, యాషికా ఎలక్ట్రో 35, రష్యా జెనిత్ లాంటివి కనిపిస్తుంటాయి. ఇంట్లో ఎవరైనా ఫోటో స్టూడియో నడిపి ఉంటే యాషికా మ్యాట్, పెంటాక్స్ కె1000, నికాన్ ఎఫ్ఎం2 కూడా దొరకొచ్చు. చేతికి రాగానే అందరూ చేసే పని ఒకటే. లివర్ లాగి బటన్ నొక్కుతారు. టక్కుమంటే మళ్లీ లాగి మళ్లీ నొక్కుతారు. మీరు మాత్రం ఆగండి.

షట్టర్ అంటే బటన్ నొక్కగానే తెరుచుకుని, ఫిల్మ్ మీదికి వెలుతురు పంపి మూసుకునే భాగం. ఏళ్ల తరబడి కదలకుండా పడున్న షట్టర్ తన అసలు జబ్బును మొదటి రెండు మూడు క్లిక్కుల్లోనే బయటపెడుతుంది. లోపల గట్టిపడిన నూనె పదిసార్లు నొక్కేసరికి కాస్త వదులవుతుంది, షట్టర్ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. పదిరోజులు పక్కన పెడితే మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ఆ మొదటి క్లిక్ వృథాగా పోకూడదు, ఫోన్‌లో వీడియో తీస్తుండగానే కొట్టాలి. అంతకంటే ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

లోపల రీలు ఉందా?

వెనక మూత వెంటనే తెరవకండి. తాతగారు తీసిన చివరి ఫోటోలు అందులోనే ఉండొచ్చు. మామూలు 35 ఎంఎం కెమెరా అయితే పైన ఎడమవైపు ఉండే రివైండ్ నాబ్‌ను బాణం గుర్తు వైపు మెల్లగా తిప్పండి. ఊరికే తిరిగితే ఖాళీ అనుకోవచ్చు. కాస్త తిరిగి బిగుసుకుంటే లోపల రీలు ఉన్నట్టే. కింద చిన్న బటన్ ఉంటుంది, దాన్ని నొక్కి రీలును నిదానంగా వెనక్కి చుట్టుకోండి. పాత ఫిల్మ్ పెళుసుగా ఉంటుంది, తొందరపడితే తెగుతుంది. బిగువు పూర్తిగా వదిలేదాకా చుట్టి అప్పుడు తెరవండి.

క్లిక్ త్రీ, యాషికా మ్యాట్ లాంటి 120 ఫిల్మ్ కెమెరాల్లో వెనక్కి చుట్టడం ఉండదు. రీలు మొత్తం ముందుకే తిప్పేయాలి. క్లిక్ త్రీ వెనక ఎర్ర కిటికీలో అంకె కనిపిస్తే ఫిల్మ్ ఉన్నట్టు. ఎటూ తిరగకుండా ఇరుక్కుపోతే రాత్రిపూట కిటికీలేని స్టోర్ రూములో, తలుపు సందులు కూడా మూసి, చీకట్లో తడుముకుంటూ తీయాల్సిందే.

చెడిపోయిందనుకునేవి, నిజానికి చెడిపోనివి

బటన్ నొక్కితే కదలకపోతే చాలామంది షట్టర్ పోయిందనుకుంటారు. ఎఫ్ఎం2లో లివర్ లోపలికి మడిచి ఉంటే బటన్ లాక్ అయి ఉంటుంది. బొటనవేలితో లివర్‌ను కొంచెం బయటికి లాగితే చాలు. యాషికా మ్యాట్ 124జిలో బటన్ చుట్టూ లాక్ రింగు ఉంటుంది. ఫోక్‌ట్లెండర్ వీటో బి లాంటి కొన్ని జర్మన్ కెమెరాల్లో అయితే ఫిల్మ్ లేకుండా లివర్ ఎంత లాగినా షట్టర్ సిద్ధం కాదు. లోపలి పళ్ల చక్రాన్ని ఫిల్మే తిప్పాలి. వెనక మూత తీసి ఆ చక్రాన్ని వేలితో తిప్పి చూడండి.

తర్వాత బ్యాటరీ. ఇక్కడ కెమెరాలు రెండు రకాలు. జెనిత్ ఇ, యాషికా మ్యాట్, కె1000, ఎఫ్ఎం2 షట్టర్లు స్ప్రింగులతో నడుస్తాయి, బ్యాటరీ ఉన్నా లేకపోయినా అన్ని స్పీడ్లూ రావాలి. బ్యాటరీ ఉన్నవాటిలో అది కేవలం వెలుతురు కొలిచే మీటర్ కోసం. క్యానన్ ఏఈ-1 అలా కాదు, బ్యాటరీ లేకపోతే అసలు కదలదు. దానికి 6 వోల్టుల 4ఎల్‌ఆర్44 కావాలి.

యాషికా ఎలక్ట్రో 35 దగ్గర అందరూ బోల్తాపడతారు. బ్యాటరీ లేకపోయినా అది టక్కుమంటుంది, కానీ ప్రతిసారీ 500 స్పీడులోనే, అంటే సెకనులో 500వ వంతుకే తెరుచుకుని మూసుకుంటుంది. చీకట్లో పెట్టినా అదే శబ్దం వస్తుంటే స్లో స్పీడ్లు పోయాయని తేల్చేస్తారు. దాని అసలు మెర్క్యురీ బ్యాటరీ ఇప్పుడు రాదు. 6 వోల్టుల బ్యాటరీని అడాప్టర్‌తో వేసి, ఆ తర్వాతే పరీక్ష మొదలుపెట్టండి. ఈ మోడల్‌లో ఇంకొకటి కూడా గమనించండి. లివర్ పూర్తిగా లాగినప్పుడు చివర్లో లోపల టక్కుమని ఒక చప్పుడు వినిపించాలి. వినిపించకపోతే లోపలి చిన్న రబ్బరు ముక్క పొడైపోయి ఉండొచ్చు. అది ఇంట్లో బాగుచేసుకునేది కాదు.

బ్యాటరీ గదిలో తెల్లటి బూజులాంటి పొడి కనిపిస్తే ఇయర్ బడ్‌ను వెనిగర్‌లో ముంచి, బాగా పిండి, ఆ చోట మాత్రమే తుడవండి. తడి ఆరాక కొత్త బ్యాటరీ వేయండి. ఎల్‌ఆర్44 సెల్స్ వాచీల షాపులో దొరుకుతాయి.

మీది ఏ రకం షట్టర్?

రీలు లేదని తేలింది కాబట్టి వెనక మూత తీయండి. ఫిల్మ్ కూర్చునే చోట నల్లటి గుడ్డ తెర కనిపిస్తే కె1000, జెనిత్ రకం. అది పక్కకు పరిగెడుతుంది. సన్నటి లోహపు పట్టీలు ఒకదానిమీద ఒకటి కనిపిస్తే ఎఫ్ఎం2 రకం, పైనుంచి కిందికి కదులుతుంది. రెండూ కాకుండా లెన్స్ వెనక భాగమే కనిపిస్తే షట్టర్ లెన్స్‌లో ఉన్నట్టు. యాషికా మ్యాట్‌లో, ఎలక్ట్రో 35లో అంతే. పూలరేకుల్లా చిన్న లోహపు రేకులు మధ్యలోంచి తెరుచుకుని మూసుకుంటాయి. తెరనుగానీ రేకులనుగానీ వేలితో ముట్టుకోవద్దు. దుమ్ము ఉంటే రబ్బరు బ్లోయర్‌తో దూరం నుంచి ఊదండి. నోటితో ఊదితే ఎంగిలి తుంపర్లు పడతాయి.

రష్యా కెమెరాల్లో ముందు లివర్ లాగాలి, ఆ తర్వాతే స్పీడ్ డయల్ తిప్పాలి. ఈ వరస తప్పితే కొన్ని మోడళ్లలో లోపలి భాగాలు దెబ్బతింటాయి. లెన్స్‌లో షట్టర్ ఉండే కొన్ని పాత కెమెరాలకు దీనికి వ్యతిరేకం. అన్నిటికన్నా వేగమైన స్పీడును లివర్ లాగకముందే పెట్టుకోవాలి. ఏదైనా సరే, డయల్ బిగుసుకుంటే బలవంతం చేయొద్దు. పాత లెన్స్ షట్టర్లలో సెల్ఫ్ టైమర్ జోలికి అసలు వెళ్లకండి. సగంలో ఆగిపోయిందంటే షట్టర్ మొత్తాన్నీ పట్టేస్తుంది.

మొదటి క్లిక్

పగటిపూట, ఎండ పడుతున్న తెల్లగోడ ఎదురుగా కెమెరా పెట్టండి. లెన్స్ అపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) పూర్తిగా తెరవండి. సూర్యుడి వైపు మాత్రం తిప్పకండి. ట్యూబ్‌లైట్ కింద ఈ పరీక్ష వద్దు. మన కరెంటుకు ట్యూబ్‌లైట్ సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది. కంటికి కనపడకపోయినా స్లో మోషన్ వీడియోలో వెలుగు హెచ్చుతగ్గులుగా వచ్చి లెక్క తప్పుతుంది. చాలా ఎల్‌ఈడీ బల్బులతోనూ ఇదే గోల.

ఫోన్‌ను కెమెరా వెనక కదలకుండా నిలబెట్టి స్లో మోషన్ ఆన్ చేయండి. డయల్ 30 దగ్గర పెట్టి మొదటి క్లిక్ కొట్టండి. తర్వాత 60, ఆపైన బి. బి మీద వేలు నొక్కి ఉంచినంతసేపూ తెర తెరిచి ఉండి, వదలగానే చటుక్కున మూసుకోవాలి. నిదానంగా మూసుకుంటే నూనె గట్టిపడిందని అర్థం.

ఇప్పుడు వీడియోను ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ చూడండి. ఫోన్ సెకనుకు 240 ఫ్రేములు తీస్తుంటే 60 స్పీడులో ఫిల్మ్ కిటికీ మధ్యభాగం దాదాపు 4 ఫ్రేముల్లో వెలగాలి. 30లో 8, 15లో 16, 8లో 30. 120 ఫ్రేముల ఫోన్ అయితే ఇందులో సగం లెక్కేసుకోండి. 30 స్పీడులో 8కి బదులు 10 ఫ్రేములు వచ్చినా కంగారు లేదు, పాత కెమెరాల్లో 20, 30 శాతం తేడా మామూలే. 20 ఫ్రేములొస్తే మాత్రం జబ్బే. 125 దాటాక ఈ పద్ధతి పనిచేయదు, రెండు ఫ్రేముల్లో ఏం తేల్చగలం? కొన్ని ఫోన్లు లేని ఫ్రేములను తామే కల్పించి స్లో మోషన్ చూపిస్తాయి, వాటి లెక్కా నమ్మొద్దు.

చెవితో వినేవి

1 సెకను, 2 (అంటే అర సెకను), 4, 8. ఈ స్పీడ్లకు చెవే మంచి పరికరం. బటన్ నొక్కగానే టక్ మని తెరుచుకుని, లోపల చిన్న గేర్లు జిర్ర్‌మని సమంగా తిరిగి, టక్ మని మూసుకోవాలి. ఆ జిర్ర్ శబ్దం తడబడినా, మధ్యలో ఆగి మళ్లీ కదిలినా, చివర్లో నీరసించినా గేర్లలో నూనె జిగురుగా మారిందన్నమాట. 1 సెకను పెడితే మూడు సెకన్లు తీసుకునేవి, తెరుచుకుని అలాగే ఉండిపోయేవి ఎక్కువగా ఈ బాపతే. కచ్చితంగా కావాలంటే ఫోన్‌లో రికార్డు చేసి, శబ్దపు గీతలో రెండు టక్కుల మధ్య దూరం చూడండి. జెనిత్ ఇలో 30 కంటే తక్కువ స్పీడ్లు లేవు, కాబట్టి ఆ కెమెరా ఉన్నవాళ్లకు ఈ పరీక్ష అక్కర్లేదు.

ఏఈ-1 క్లిక్ కొట్టినప్పుడు కీచుమంటే అది షట్టర్ కాదు, లెన్స్ వెనక ఉండే అద్దాన్ని ఎత్తే గేరు ఎండిపోయింది. అద్దం పైకెళ్లి దిగకుండా ఉండిపోయినా ముందు అక్కడి స్పాంజినే అనుమానించండి. మన ఎండలకు ఆ స్పాంజి కరిగి తారులా అంటుకుంటుంది.

ఇదే పరీక్షను తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చేసి చూడండి, డిసెంబర్ జనవరిలో అయితే మరీ మంచిది. పొద్దున పట్టేసి మధ్యాహ్నానికి బాగా పలికితే లోపమంతా నూనెదే, విరిగిన భాగం కాదు. మెకానిక్‌కు ఈ ఒక్క ముక్క చెబితే సగం పని చేసిపెట్టినట్టే.

కంటితో చూసేవి

250, 500, 1000 స్పీడ్లకు మళ్లీ తెల్లగోడ. ఈసారి వెనకనుంచి మీ కన్నే పెట్టండి. గుడ్డ తెర కెమెరాలో 1000 కొట్టినప్పుడు కిటికీ మొత్తం, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, ఒక్కసారి తళుక్కుమనాలి. ఒక పక్క చీకటిగా ఉంటే వెనక వచ్చే రెండో తెర మొదటి తెరను దారిలోనే అందుకుంటోందని అర్థం. 250లో అంతా వెలిగి 1000లో అసలు ఏమీ కనిపించకపోవడం కూడా ఇదే జబ్బు, బాగా ముదిరిందంతే. మొదటి తెర నీరసించడమో, రెండు తెరల బిగువులో తేడా రావడమో కారణం. తెర బిగువు సరిచేసే స్క్రూలు చూపించే వీడియోలు బోలెడు దొరుకుతాయి. కొలిచే యంత్రం లేకుండా వాటిని తిప్పితే ఉన్న స్పీడ్లు కూడా పోతాయి.

అటక మీద డబ్బా టీవీ ఉండి, ఇంకా వెలుగుతుంటే గుడ్డ తెర ఎస్‌ఎల్‌ఆర్‌కు (లోపల అద్దం ఉండే కె1000, జెనిత్ లాంటి కెమెరాకు) అంతకంటే మంచి పరికరం లేదు. గది చీకటి చేసి, టీవీలో ఏదైనా తెల్లటి తెర రప్పించండి. కెమెరా లెన్స్ తీసేసి, వెనక మూత తెరిచి, కెమెరాలోంచి టీవీని చూస్తూ 500 కొట్టండి. ఏటవాలుగా ఒక వెలుగు పట్టీ కనిపిస్తుంది. మన పాత టీవీలు సెకనుకు 15,625 గీతలు గీస్తాయి. సెకనులో 500వ వంతులో 31 గీతలు, అంటే ఆ పట్టీ నిలువు మందం స్క్రీన్ ఎత్తులో దాదాపు తొమ్మిదో వంతు ఉండాలి. అంతకన్నా ముఖ్యం, పట్టీ మందం ఈ చివర నుంచి ఆ చివరకు ఒకేలా ఉందా లేదా. ఒకవైపు సన్నబడితే తెరలు సమంగా పరిగెత్తడం లేదు. ఎల్‌ఈడీ టీవీతో ఇది కుదరదు.

గుడ్డ తెరకు రంధ్రాలు కూడా పడతాయి. ఫెడ్, జోర్కీ లాంటి అద్దం లేని కెమెరాలను మూత పెట్టకుండా ఎండకు ఎదురుగా వదిలేస్తే లెన్స్ భూతద్దంలా పనిచేసి తెరను కాలుస్తుంది. చీకటి గదిలో లెన్స్ ముందు ఫోన్ టార్చ్ పెట్టి వెనకనుంచి చూడండి. లివర్ లాగకముందు ఒకసారి, లాగాక ఒకసారి చూడాలి. తెరలు రెండు, ఒక్కో స్థితిలో ఒక్కోటి అడ్డం ఉంటుంది.

లెన్స్ షట్టరైతే రేకుల మీద టార్చ్‌ను ఏటవాలుగా వేయండి. పొడిగా, మసక నలుపులో ఉండాలి. తడిసినట్టు మెరిసినా, ఇంద్రధనుస్సు రంగులు తేలినా నూనె చేరిందని అర్థం. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర 40 డిగ్రీలు దాటే ఎండకు రేకుల ఇంటి కప్పు కింద ట్రంకు పెట్టెలో పడున్న కెమెరాలో గ్రీజులోని నూనె విడిపోయి పాకుతుంది. సన్నటి నూనె పొర చాలు, రేకులు ఒకదానికొకటి అంటుకుపోతాయి. శబ్దం వస్తుంది, రేకులు తెరుచుకోవు.

ఇంతకీ ఏ స్పీడ్లు కావాలి?

ఇక్కడ నా అభిప్రాయం చెబుతాను. మన ఎండలో పగలు ఫోటోలు తీసేవాళ్లకు 1 సెకను నుంచి 15 దాకా ఉన్న స్పీడ్లతో పెద్దగా పనిలేదు. 125, 250, 500 సరిగ్గా ఉంటే కెమెరా బతికున్నట్టే. స్లో స్పీడ్లు మాత్రమే పట్టేసిన కె1000ను రిపేరుకు పంపే ముందు ఒక రీలు వేసి చూడండి. 500 స్పీడ్ నిజానికి 300 అయినా కలర్ నెగటివ్ ఫిల్మ్ ఆ ఎక్కువ వెలుతురును భరిస్తుంది.

ఆ రీలును కూడా పరీక్షలాగే తీయండి. 200 ఐఎస్‌ఓ కలర్ ఫిల్మ్ వేసి, మబ్బులేని రోజు ఉదయం పది దాటాక, ఎండ సూటిగా పడే గోడ ఒకటి చూసుకోండి. కర్నూలులో కొండారెడ్డి బురుజు, అనంతపురంలో క్లాక్ టవర్, కడప వాళ్లకు గండికోట గోడ. పైన కొంచెం ఖాళీ ఆకాశం కూడా ఫ్రేములోకి రావాలి. స్పీడుకు తగ్గట్టు లెన్స్ మీద అపర్చర్ అంకె (ఎఫ్) మార్చండి: 125కు ఎఫ్ 22, 250కి ఎఫ్ 16, 500కు ఎఫ్ 11, 1000కి ఎఫ్ 8. నాలుగింటిలోనూ ఫిల్మ్ మీద పడే వెలుతురు ఒకటే. మీ లెన్స్‌లో ఎఫ్ 22 లేకపోతే 250 నుంచి మొదలుపెట్టండి. వెలుతురు మారకముందే అన్నీ ముగించి, ఏది ఏ స్పీడో కాగితం మీద రాసుకోండి.

దగ్గర్లో కలర్ ఫిల్మ్ కడిగే ల్యాబ్ లేకపోతే హైదరాబాద్‌కో, బెంగళూరుకో పంపాల్సి వస్తుంది. నెగటివ్‌లు వెనక్కి కావాలని గట్టిగా చెప్పండి. స్కాన్ చేసేటప్పుడు ల్యాబ్ వాళ్లు ప్రతి ఫోటో వెలుతురునూ సరిచేస్తారు కాబట్టి స్కాన్లు చూసి షట్టర్ గురించి ఏమీ చెప్పలేం. నెగటివ్‌ను కిటికీ వెలుతురుకు పట్టుకుని చూస్తే అన్ని ఫ్రేములూ ఒకే చిక్కదనంలో ఉండాలి. ఒక స్పీడ్ ఫ్రేము మాత్రం పలచగా ఉంటే ఆ స్పీడ్ ఉండాల్సినదానికంటే వేగంగా కొడుతోంది, చిక్కగా ఉంటే నిదానంగా కొడుతోంది. ఆకాశంలో ఒకవైపు మాత్రమే తేడా ఉంటే తెరలు సమంగా పోవడం లేదు.

మచ్చలు, గీతలు కనిపిస్తే అవి ఫ్రేము దాటి అంచు రంధ్రాల దాకా పాకాయేమో చూడండి. పాకితే వెనక మూత స్పాంజి పోయి వెలుతురు కారుతోంది, షట్టర్ తప్పు లేదు. షట్టర్ చేసే తప్పు ఫ్రేము లోపలే ఉంటుంది. ఫ్లాష్‌తో తీసిన ఫోటో సగం నల్లగా వస్తే స్పీడ్ చూసుకోండి. కె1000లో ఫ్లాష్‌కు 60, జెనిత్ ఇలో 30 దాటకూడదు.

మెకానిక్ దగ్గరికి

కుట్టుమిషన్ నూనె, కొబ్బరి నూనె, తుప్పు వదిలించే స్ప్రే, వీటిలో ఏదీ షట్టర్ దరిదాపులకు రానివ్వకండి. ఒక్క చుక్క పడినా చిన్న రిపేరు పెద్దదవుతుంది. 2009 అక్టోబరు తుంగభద్ర వరదలో కర్నూలులో ఎన్నో ఇళ్లు మునిగాయి. మీ కెమెరా కూడా ఆ నీళ్లలో నానిందైతే పైన చెప్పిన పరీక్షలేవీ చేయకండి. లోపల ఒండ్రు, తుప్పు ఉండగా లివర్ లాగితే పళ్లు విరుగుతాయి.

డబ్బు పెట్టే విషయంలో కె1000, ఎఫ్ఎం2, యాషికా మ్యాట్‌లకు సర్వీసింగ్ చేయించడం దండగ కాదు. ఎలక్ట్రోలో సర్క్యూట్ పోయిందంటే ఆలోచించాల్సిందే. క్లిక్ త్రీలో ఉన్నదే ఒక్క స్పీడ్, రేకు కదిలితే 120 రీలు వేసి వాడుకోండి, కదలకపోతే షోకేసులో పెట్టుకోండి.

"షట్టర్ పనిచేయట్లేదు" అని రాసి పంపితే మెకానిక్‌కు ఏమీ తెలియదు. ఇలా రాయండి: "కె1000. మొదటి క్లిక్ 30లో 8కి బదులు 13 ఫ్రేములు. 1 సెకను, 2 స్పీడ్లు మధ్యలో ఆగుతున్నాయి, మధ్యాహ్నం బాగున్నాయి. 1000లో ఒక పక్క చీకటి. 250 బాగుంది." ఆ మొదటి క్లిక్ వీడియో కూడా పంపండి. పార్సిల్ కట్టే ముందు బ్యాటరీ తీసేయండి, షట్టర్ లాగి ఉంటే ఒక క్లిక్ కొట్టి వదులు చేయండి. కెమెరా తిరిగొచ్చాక వెంటనే చూసి సరిపెట్టుకోవద్దు. రెండు వారాలు పక్కన పెట్టి, మళ్లీ ఫోన్ నిలబెట్టి, 30లో మొదటి క్లిక్ తీసి పాత వీడియోతో పోల్చండి.